కంపెనీ మెయిల్ కొత్త డొమైన్‌కి మార్చే ముందు: పాత అడ్రస్‌తో ఏమేం ముడిపడి ఉన్నాయో చూడండి

మీ ప్రశ్న చదివాను. వైజాగ్‌లో రొయ్యల ఎగుమతి కంపెనీ, 60 మందికి గూగుల్ వర్క్‌స్పేస్ (కంపెనీలకి గూగుల్ ఇచ్చే మెయిల్, డ్రైవ్ సర్వీసు) మెయిల్, కంపెనీ పేరు మారింది, కొత్త పేరుతో డొమైన్ (ఈ-మెయిల్‌లో @ తర్వాత వచ్చే పేరు) కొన్నారు, నెలాఖరుకల్లా అందరి మెయిళ్లూ దాని మీదకి రావాలని ఎండీ గారు చెప్పారు. కొత్త వర్క్‌స్పేస్ కొని పాత మెయిళ్లన్నీ అందులోకి కాపీ చేయాలా, ఎన్ని రోజులు పడుతుంది, మధ్యలో మెయిల్ ఆగిపోతుందా అని మీ టెన్షన్. హుద్‌హుద్ తర్వాతి ఏడాది నుంచి ఇక్కడి ఆఫీసులకి మెయిల్, క్లౌడ్ పనులు చేస్తున్నాను. 2014 అక్టోబర్ 12న తుఫాను వచ్చి, రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేక ఆఫీసు గదిలోని మెయిల్ సర్వర్ మూగబోయిన వాళ్లు నన్ను పిలిచి క్లౌడ్‌కి మార్చమన్నారు. అలా మొదలైంది. డొమైన్ మార్పిడి పనులు చాలానే చేశాను, రెండుసార్లు దెబ్బ కూడా తిన్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా రెండు మాటలు. కొత్త వర్క్‌స్పేస్ కొనొద్దు. నెలాఖరుకి పెట్టుకోవద్దు.

కొత్త వర్క్‌స్పేస్ ఎందుకు వద్దంటే, ఉన్న వర్క్‌స్పేస్‌లోకే కొత్త డొమైన్‌ని చేర్చుకోవచ్చు. మెయిళ్లు, డ్రైవ్, క్యాలెండర్ ఎక్కడివక్కడే ఉంటాయి. మనం మార్చేది మనిషి అడ్రస్ ఒక్కటే. డ్రైవ్‌లో షేర్ చేసిన ఫైళ్లు అకౌంట్‌కి ముడిపడి ఉంటాయి కాబట్టి పేరు మారినా షేరింగ్ పోదు. కాపీ చేసే దారిలో వెళ్తే మాత్రం 60 మంది మెయిల్‌బాక్సులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాగాలి, ఫైళ్ల ఓనర్‌షిప్ పోతుంది, షేరింగ్ లింకులు తెగుతాయి, ఆ కాలమంతా లైసెన్సులకి రెండు చోట్లా డబ్బు కట్టాలి. ఎవరో వెండర్ మీకు ఆ కొటేషన్ ఇచ్చి ఉంటే పక్కన పెట్టేయండి.

అడ్మిన్ కన్సోల్‌లో, అంటే అందరి అకౌంట్లూ నడిపే పేజీలో, డొమైన్ చేర్చేటప్పుడు అది రెండు దారులు చూపిస్తుంది: సెకండరీ డొమైన్ (సొంతంగా అకౌంట్లు పెట్టుకోగలిగే రెండో డొమైన్), లేదా అలియాస్ డొమైన్ (ఉన్న అడ్రస్‌లకే మారుపేరు). మీరు సెకండరీయే ఎంచుకోవాలి. అలియాస్ తేలిగ్గా కనిపిస్తుంది, ఒక్క క్లిక్‌తో అందరికీ రెండో అడ్రస్ వచ్చేస్తుంది కూడా. కానీ అలియాస్‌గా చేర్చిన డొమైన్‌ని తర్వాత ప్రైమరీ (కంపెనీ ప్రధాన డొమైన్) చేయడం కుదరదు. దాన్ని తీసేసి మళ్లీ సెకండరీగా చేర్చుకోవాలి. ఇంకో చిక్కు: ఒక డొమైన్ ఒకే సమయంలో రెండు వర్క్‌స్పేస్‌లలో ఉండదు. కొత్త డొమైన్ కొన్న ఉత్సాహంలో మీ ఆఫీసులో ఎవరైనా దాని మీద విడిగా ట్రయల్ తీసుకుని ఉంటే, ముందు అందులోంచి తీయించాలి. ఇది ఇవాళే అడిగి తెలుసుకోండి, ఆఖరి రాత్రి బయటపడితే చాలా ఇబ్బంది.

ఇక తేదీ. మీ ఆఫీసు క్యాలెండర్ మీకే బాగా తెలుసు. 7వ తేదీకి టీడీఎస్, 11కి జీఎస్టీఆర్-1, 15కి పీఎఫ్, 20కి జీఎస్టీఆర్-3బి. నెలాఖరున జీతాలు, షిప్‌మెంట్ క్లోజింగ్. ఓటీపీలు, చలాన్లు, అక్నాలెడ్జ్‌మెంట్లు అన్నీ ఈ-మెయిల్‌కే వస్తాయి. అకౌంట్స్ వాళ్లు ఊపిరి పీల్చుకునేది 21 నుంచి 27 వరకే. అందులో పడే శనివారం రాత్రి పెట్టుకోండి. శుక్రవారం రాత్రి వద్దు. మీ కొనుగోలుదారులు అమెరికాలో ఉంటే, మనకి శుక్రవారం రాత్రి తొమ్మిది అంటే వాళ్లకి ఇంకా ఆఫీసు వేళే. వాళ్ల శుక్రవారం ముగిసేసరికి మనకి శనివారం తెల్లవారిపోతుంది. శనివారం రాత్రి చేస్తే ఆదివారమంతా చేతిలో ఉంటుంది. ఎండీ గారికి ఈ తేదీలు కాగితం మీద రాసి చూపించండి. నెలాఖరు అన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు.

అసలు పని ఇప్పుడు చెబుతాను. మెయిల్ మార్చడం ఒక్క రాత్రి పని. పాత అడ్రస్‌తో ముడిపడి ఉన్నవన్నీ వెతికి చిట్టా రాయడం మూడు వారాల పని. చిట్టా పూర్తి కాకుండా స్విచ్ నొక్కొద్దు.

చిట్టా కుర్చీలో కూర్చుని తయారుకాదు. ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి, "మీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ ఏ సైట్లలో లాగిన్ అవుతారు, ఒక్కసారి చూపించండి" అని అడగాలి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిపించండి, పాస్‌వర్డ్‌లు చూడొద్దు, సైట్ల పేర్లు చాలు. తర్వాత డాక్స్ (షిప్‌మెంట్ కాగితాలు చూసేవాళ్లు), అకౌంట్స్, అడ్మిన్ మెయిల్‌బాక్సుల్లో వెరిఫై, రెన్యువల్, ఇన్‌వాయిస్, ఓటీపీ అనే మాటలతో వెతకండి. కనీసం 13 నెలలు వెనక్కి వెళ్లండి. ఏడాదికి ఒక్కసారే వచ్చే మెయిళ్లుంటాయి, ఇన్సూరెన్స్, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం), లైసెన్సులు. మూడు నెలలు చూసి ఆపితే అవి దొరకవు. అడ్మిన్ కన్సోల్‌లో సెక్యూరిటీ కింద, గూగుల్ అకౌంట్‌తో ఏ ఏ బయటి యాప్‌లు కనెక్ట్ అయి ఉన్నాయో కనిపిస్తుంది. అది కూడా చిట్టాలోకి ఎక్కించండి.

మీలాంటి ఎగుమతి ఆఫీసులో నాకు సాధారణంగా కనిపించేవి ఇవి. ప్రభుత్వం వైపు జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్, పీఎఫ్, కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్, ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకి కావాల్సిన కోడ్) కోసం డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే శాఖ), ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ), హెల్త్ సర్టిఫికెట్ల కోసం ఎగుమతి తనిఖీ వాళ్ల పోర్టల్, కంపెనీ వ్యవహారాలకి ఎంసీఏ. ఐఈసీ వివరాలు ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అప్‌డేట్ చేయాలి. ఆ ఓటీపీ పాత అడ్రస్‌కి వెళ్లి ఎవరూ చూడకపోతే ఐఈసీ డీయాక్టివేట్ అవుతుంది, కంటైనర్ పోర్టు దగ్గర ఉండగా అది తెలిస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. డైరెక్టర్ల కేవైసీకి కూడా ఓటీపీ ఫోన్‌కీ, ఈ-మెయిల్‌కీ రెండింటికీ వస్తుంది. జీఎస్టీలో ఈ-మెయిల్ మార్పు నాన్-కోర్ (అధికారి ఆమోదం అక్కర్లేని) సవరణ కిందకి వస్తుంది, ఓటీపీతో అయిపోతుంది. బ్యాంకు మాత్రం అలా కాదు. కరెంట్ అకౌంట్‌కీ, ఎల్‌సీలకీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీలు) నమోదైన అడ్రస్ మార్చాలంటే మామూలుగా లెటర్‌హెడ్ మీద అధీకృత సంతకాలతో బ్రాంచికి వెళ్లాల్సి వస్తుంది. అందుకని బ్యాంకు పని మొదట మొదలుపెట్టండి. షిప్పింగ్ లైన్ల పోర్టళ్లు, మీ కస్టమ్స్ బ్రోకర్, కొరియర్ అకౌంట్ తర్వాత.

మనుషులు వాడేవి దొరుకుతాయి. మెషీన్లు వాడేవే దొరకవు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక ప్రాసెసింగ్ ప్లాంట్‌కి ఇదే పని చేశాను. చిట్టాలో 70కి పైగా పద్దులు రాశాను, బాగానే జరిగిందనుకున్నాను. మెయింటెనెన్స్ పేరుతో ఒక అకౌంట్ ఉండేది, ఎవరూ వాడుతున్నట్టు కనిపించలేదు. దాని పేరు మార్చి, పనిలో పనిగా పాస్‌వర్డ్ కూడా మార్చాను. పాస్‌వర్డ్ మారిస్తే ఆ అకౌంట్ మీదున్న యాప్ పాస్‌వర్డ్‌లు, అంటే మెషీన్లు లాగిన్ కావడానికి గూగుల్ విడిగా ఇచ్చేవి, అన్నీ రద్దయిపోతాయి. కోల్డ్ స్టోర్ బయట గోడకి ఉన్న టెంపరేచర్ లాగర్ ఆ యాప్ పాస్‌వర్డ్‌తోనే అలర్ట్ మెయిళ్లు పంపేది. గది మైనస్ 18లో ఉండాలి. ఆదివారం రాత్రి కంప్రెసర్ ట్రిప్ అయింది. లాగర్ అలర్ట్ పంపడానికి ప్రయత్నిస్తూనే ఉంది, ఒక్క మెయిలూ బయటికి వెళ్లలేదు. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ టీ తాగడానికి వెళ్తూ డిస్‌ప్లే మీద మైనస్ 13 చూసి పరుగెత్తాడు. ఆయన ఆ పక్కగా వెళ్లకపోతే తెల్లారేసరికి సరుకు సంగతి ఏమయ్యేదో. ఆ డిస్‌ప్లే ఫోటో ఆయన నాకు వాట్సాప్‌లో పంపారు, ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

అప్పటి నుంచి ప్లాంట్ అంతా నడిచి చూస్తాను. ఏ డబ్బాకి నెట్‌వర్క్ కేబుల్ కనిపిస్తే ఆ డబ్బా మెయిల్ పంపుతుందా అని అడుగుతాను. స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్స్ మెషీన్, బయోమెట్రిక్ అటెండెన్స్, సీసీటీవీ రికార్డర్, పెద్ద యూపీఎస్, జనరేటర్ కంట్రోలర్, ట్యాలీ నుంచి వెళ్లే ఇన్‌వాయిస్‌లు, బ్యాకప్ పెట్టె. వీటన్నిటికీ కలిపి మనిషి పేరు లేని ఒక అకౌంట్ పెట్టి, యాప్ పాస్‌వర్డ్‌లు మెషీన్‌కి ఒకటి చొప్పున ఇవ్వండి. ప్లాంట్‌కి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ నంబర్) ఉంటే గూగుల్ ఎస్ఎంటీపీ రిలే (ఆ నంబర్ చూసి మెయిల్ పంపనిచ్చే దారి) ఇంకా మంచిది, అప్పుడు మెషీన్‌లో పాస్‌వర్డే ఉండదు. మార్చిన తర్వాత ఒక్కో మెషీన్ దగ్గర నిలబడి టెస్ట్ మెయిల్ పంపించి, అది ఫోన్‌లో వచ్చాకే చిట్టాలో టిక్కు పెట్టండి.

ఇంకో రకం చిక్కు "గూగుల్‌తో సైన్ ఇన్" బటన్. గూగుల్ ప్రతి అకౌంట్‌కీ లోపల ఎప్పటికీ మారని ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. బయటి యాప్ ఆ సంఖ్యని పట్టుకుని ఉంటే అడ్రస్ మారినా మిమ్మల్ని గుర్తుపడుతుంది. కొన్ని యాప్‌లు ఈ-మెయిల్ అడ్రస్‌నే పట్టుకుని ఉంటాయి. వాటికి మీరు సోమవారం పొద్దున కొత్త మనిషి. ఒక ఆఫీసులో ప్రొక్యూర్‌మెంట్ చూసే మేడమ్ ఎప్పటిలాగే బటన్ నొక్కారు. చెరువుల వారీగా కొన్న సరుకు లెక్కలు రెండేళ్లవి ఉండాల్సిన చోట "స్వాగతం, మీ మొదటి ప్రాజెక్ట్ మొదలుపెట్టండి" అని తెల్ల తెర వచ్చింది. ఆవిడ మొహం పాలిపోయింది. లెక్కలు ఎక్కడికీ పోలేదు, పాత అకౌంట్‌లో భద్రంగా ఉన్నాయి, యాప్ వాళ్ల సపోర్ట్‌తో రెండు రోజుల్లో కలిపించాం. కానీ ఆ రెండు రోజులు ఆవిడకి నిద్ర లేదు. అందుకే మార్పుకి ముందే, అలాంటి ప్రతి యాప్ లోపలికి వెళ్లి, కొత్త అడ్రస్‌ని రెండో అడ్మిన్‌గా చేర్చండి, లేదా ఉన్న అడ్రస్‌నే సెట్టింగ్స్‌లో మార్చండి. కుదరకపోతే విడిగా పాస్‌వర్డ్ ఒకటి పెట్టి ఉంచండి. మొదట మీ సొంత అకౌంట్ మార్చుకుని ఒక్కో యాప్ తెరిచి చూస్తే, ఏది గుర్తుపడుతోందో ఏది పట్టట్లేదో ముందే తెలిసిపోతుంది.

క్లౌడ్ అకౌంట్ల సంగతి చిన్నదే, అయినా తప్పకుండా చేయాలి. మీ వెబ్‌సైటో, ట్రేసబిలిటీ సాఫ్ట్‌వేరో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) మీద ఉంటే, దాని రూట్ అకౌంట్ (అన్ని అధికారాలూ ఉన్నది) ఏ అడ్రస్ మీద ఉందో చూడండి. మానేసిన ఉద్యోగి పేరు మీద ఉన్నవి నేను ఒకటి కంటే ఎక్కువ చూశాను. పాత మెయిల్ పనిచేస్తుండగానే దాన్ని గ్రూప్ అడ్రస్‌కి మార్చేయండి. వెబ్‌సైట్‌ని పాత డొమైన్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత లింక్ తెరిచినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి పంపేది) పెట్టండి, హోం పేజీ ఒక్కటే కాకుండా ఏ పేజీకి ఆ పేజీ. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ మార్పు చెప్పండి. రీడైరెక్ట్ కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతుంది.

డీఎన్ఎస్‌కి, అంటే డొమైన్ మెయిల్, వెబ్‌సైట్ ఎక్కడున్నాయో చెప్పే రికార్డులకి వద్దాం. స్విచ్ రాత్రికి మూడు వారాల ముందే కొత్త డొమైన్ మెయిల్ పంపడానికీ, అందుకోవడానికీ సిద్ధంగా ఉండాలి. యాజమాన్యం నిరూపించే టీఎక్స్‌టీ రికార్డు, మెయిల్ ఎక్కడికి రావాలో చెబుతూ గూగుల్‌ని చూపే ఎంఎక్స్, తర్వాత ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఎవరు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పేది). ఎంఎక్స్ పెట్టగానే మెయిల్ వచ్చేస్తుంది కాబట్టి చాలామంది అక్కడ ఆగిపోతారు. మెయిల్ రావడం వేరు, మనం పంపింది అవతలి వాళ్ల ఇన్‌బాక్స్‌లో పడటం వేరు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ పంపేవాళ్ల మీద నిబంధనలు బిగించాయి. గూగుల్ అయితే ఎంత తక్కువ పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలంటుంది, రోజుకి 5000 దాటితే రెండూ, పైన డీమార్క్ కూడా ఉండాలంటుంది. మీరు అంత పంపరు, అయినా మూడూ పెట్టండి. వయసు లేని డొమైన్‌ని ప్రతి ఫిల్టరూ అనుమానంగానే చూస్తుంది.

ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ చెల్లవు. వెబ్‌సైట్ హోస్టింగ్ కొన్నప్పుడు ఆ ప్యానెల్ తనంతట తానే ఒకటి పెట్టేస్తుంది, మీరు గూగుల్‌ది ఇంకొకటి చేరుస్తారు, అక్కడే పోతుంది. ఉన్నదాంట్లోకే గూగుల్‌ది కలపాలి. ఆ రికార్డు చదివేటప్పుడు డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటకూడదన్న హద్దు కూడా ఉంది. పాత డొమైన్ నుంచి రికార్డుని గుడ్డిగా కాపీ చేయకుండా, ఇప్పుడు నిజంగా ఎవరెవరు మీ తరఫున మెయిల్ పంపుతున్నారో వాళ్లనే ఉంచండి.

డీకిమ్ కీ పాత డొమైన్‌ది కొత్తదానికి పనికిరాదు. అడ్మిన్ కన్సోల్‌లో కొత్త డొమైన్ ఎంచుకుని విడిగా తయారు చేసుకోవాలి. 2048 బిట్ల కీ తీసుకుంటే అది 255 అక్షరాల కంటే పొడుగు. టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో ముక్క 255 దాటకూడదు. కొన్ని డీఎన్ఎస్ ప్యానెళ్లు తామే ముక్కలు చేసుకుంటాయి, కొన్ని చెప్పకుండా తోక కోసేస్తాయి. నేనొకసారి రెండు గంటలు వెతికాను. స్క్రీన్ మీద కీ మొదలు సరిగ్గానే కనిపిస్తోంది, చివరికి జరిపి చూస్తే ఆఖరి వందకి పైగా అక్షరాలు లేవు. సేవ్ చేశాక మళ్లీ తెరిచి చివరి పది అక్షరాలు పోల్చి చూడటం అప్పటి నుంచి అలవాటైంది. రికార్డు పెట్టాక కన్సోల్‌లోకి తిరిగి వెళ్లి అథెంటికేషన్ మొదలుపెట్టు అన్న బటన్ నొక్కాలి, అది మర్చిపోతే కీ అక్కడ ఉండీ లేనట్టే. డీమార్క్ మొదట నన్ (ఏదీ ఆపకుండా గమనించడం మాత్రమే) అని పెట్టి రిపోర్టులు మీ మెయిల్‌కి తెప్పించుకోండి. రెండు మూడు వారాల రిపోర్టులు శుభ్రంగా ఉంటే క్వారంటైన్‌కి (స్పామ్‌లో వేయడం), తర్వాత రిజెక్ట్‌కి (తిప్పి పంపడం) వెళ్లండి.

ఈ మూడు వారాలు మీరు, ఇంకో ఇద్దరు ముగ్గురు కొత్త అడ్రస్ నుంచి నిజమైన మెయిళ్లు పంపండి. సీఏ గారికి, కస్టమ్స్ బ్రోకర్‌కి, ప్యాకింగ్ మెటీరియల్ సప్లయర్‌కి. స్పామ్‌లో పడితే "ఇది స్పామ్ కాదు" అని నొక్కి జవాబు ఇవ్వమనండి. డొమైన్‌కి మంచి పేరు అలా కొంచెం కొంచెంగా వస్తుంది. స్విచ్ అయిన మర్నాడే 60 మంది ఒకేసారి మొదలుపెడితే సగం స్పామ్‌లోకి పోతాయి.

ఇప్పుడు కొనుగోలుదారుల సంగతి. దీని మీద కాస్త పట్టుబట్టండి, ఎండీ గారు వద్దన్నా సరే. "మా ఈ-మెయిల్ మారింది, ఇకపై ఈ కొత్త అడ్రస్‌కి రాయండి" అన్న మెయిల్ ఎగుమతి వ్యాపారంలో ఎవరు పంపుతారో తెలుసా? మోసగాళ్లు. ఒక అక్షరం తేడాతో డొమైన్ కొని, ఇన్‌వాయిస్ నడుస్తుండగా మధ్యలో దూరి, బ్యాంకు ఖాతా కూడా మారిందని చెప్పి డబ్బు వేయించుకుంటారు. మీ మెయిల్ అచ్చం అలాగే కనిపిస్తుంది. మంచి కొనుగోలుదారు అయితే అనుమానించి పేమెంట్ ఆపుతాడు, అది ఒక నష్టం. అనుమానించని వాడైతే, రేపు ఎవడో మీ మార్పుని అడ్డం పెట్టుకుని పంపే దొంగ మెయిల్‌ని కూడా నమ్ముతాడు, అది ఇంకా పెద్ద నష్టం.

అందుకని ఇలా చేయండి. మార్పుకి మూడు వారాల ముందు, పాత అడ్రస్ నుంచే, ఎప్పుడూ ఆ కొనుగోలుదారుతో మాట్లాడే మనిషే రాయాలి. కొత్త డొమైన్ పేరు, మారే తేదీ, పాత అడ్రస్ కూడా పనిచేస్తూనే ఉంటుందన్న మాట, అన్నిటికంటే ముఖ్యంగా "మా బ్యాంకు ఖాతా మారలేదు, మారిందని ఎవరు మెయిల్ రాసినా నమ్మొద్దు, మాకు ఫోన్ చేయండి" అన్న వాక్యం. తర్వాత వాళ్ల దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్ మీద ఫోన్ చేసి చెప్పాలి. కంపెనీ పేరు మారింది కాబట్టి బ్యాంకులో ఖాతాదారు పేరు కూడా మారబోతుంటే, ఆ రెండు మార్పులూ ఒకే వారంలో జరగనివ్వొద్దు. కనీసం నెల ఎడం ఉంచండి. కొత్త పేరుని పోలిన డొమైన్లు, అంటే ఒక అక్షరం జారినవి, చుక్క తర్వాత కామ్, ఇన్ తేడా ఉన్నవి, మూడు నాలుగు మీరే కొని పెట్టుకోండి, వాటి ఖర్చు ఒక్క కార్టన్ రొయ్యల ధర కూడా ఉండదు. ఒకవేళ ఎప్పుడైనా డబ్బు పొరపాటు ఖాతాలోకి వెళ్లిందని తెలిస్తే ఆ నిమిషమే మీ బ్యాంకుకీ, 1930కీ (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయాలని అకౌంట్స్ గోడ మీద అంటించండి. కొనుగోలుదారు విదేశంలో ఉంటే తన బ్యాంకుకి కూడా అదే నిమిషం చెప్పాలి.

స్విచ్ రాత్రి నిజానికి ప్రశాంతంగా ఉంటుంది. వారం ముందే ఐదుగురిని మార్చి చూసుకున్నారనుకుంటున్నాను. ఆ ఐదుగురిలో ఒకరు ఐఫోన్, ఒకరు ఔట్‌లుక్, ఒకరు ఆండ్రాయిడ్ మాత్రమే వాడేవాళ్లు ఉండేలా చూడండి. మిగతా వాళ్లకి అడ్మిన్ కన్సోల్ నుంచి యూజర్ల సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దింపుకుని, అందులో న్యూ ప్రైమరీ ఈమెయిల్ అనే కాలమ్ నింపి తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది. పేరు మార్చిన ప్రతి యూజర్‌కీ పాత అడ్రస్ దానంతట అదే అలియాస్‌గా ఉండిపోతుంది. పాత అడ్రస్‌కి వచ్చే మెయిల్ ఒక్కటి కూడా ఆగదు. అందరినీ ఆ సాయంత్రం లాగ్ అవుట్ అయి ఉండమనండి. మార్పు మామూలుగా త్వరగానే కనిపిస్తుంది, అన్ని సర్వీసుల్లోకీ చేరడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి ఆదివారం పొద్దున ఒకరికి చాట్‌లో పాత పేరు కనిపించిందని కంగారుపడొద్దు. ఫోన్లలో కొన్ని మామూలుగా పనిచేస్తాయి, కొన్నిటికి అకౌంట్ తీసేసి మళ్లీ చేర్చాలి. ఔట్‌లుక్‌కి కొత్త ప్రొఫైల్ కట్టాల్సి వస్తుంది, దానికి మనిషికి పావుగంట వేసుకోండి.

గ్రూపులు మర్చిపోవద్దు. సేల్స్, డాక్స్, అకౌంట్స్ లాంటి అడ్రస్‌లు యూజర్లు కావు, సీఎస్‌వీలో రావు. వాటిని విడిగా మార్చి, పాత పేరు అలియాస్‌గా ఉందో లేదో ఒక్కోదానికీ కళ్లతో చూసి, బయటి జీమెయిల్ నుంచి పాత, కొత్త పేర్లు రెండింటికీ టెస్ట్ మెయిల్ పంపండి. అన్నీ అయ్యాక కొత్త డొమైన్‌ని ప్రైమరీ చేయండి, పాతది సెకండరీగా మిగులుతుంది. ఇది చేసే ముందు సూపర్ అడ్మిన్లు (పూర్తి అధికారం ఉన్నవాళ్లు) ఇద్దరు ఉండాలి, ఇద్దరి బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద బీరువాలో ఉండాలి.

మీ దగ్గర మైక్రోసాఫ్ట్ 365 ఉన్న ప్లాంట్ ఇంకొకటి ఉందని రాశారు. అక్కడా ఇదే వరస. తేడా ఏంటంటే, సైన్ ఇన్ పేరు మారితే ఆ మనిషి వన్‌డ్రైవ్ వెబ్ అడ్రస్ కూడా మారుతుంది, కాబట్టి పాత లింకులు ఎక్కడెక్కడ అతికించారో చూసుకోవాలి.

ఇక పాత డొమైన్. కంపెనీ పేరు మారిపోయింది, దాన్ని ఇంకా ఎందుకు మోయాలి అని ఏడాది తర్వాత అకౌంట్స్ వాళ్లు తప్పకుండా అడుగుతారు. మన ఊళ్లో రైల్వే స్టేషన్ పేరు విశాఖపట్నం అని మారి ఎన్నేళ్లయినా, మా ఇంట్లో పెద్దవాళ్లు ఆటో ఎక్కి వాల్తేరు స్టేషన్ అనే అంటారు, ఆటోవాళ్లు తీసుకెళ్లేవారు కూడా. మీ పాత అడ్రస్ కూడా ఎక్కడో విదేశంలో ఒక కొనుగోలుదారు అడ్రస్ బుక్‌లో అలాగే ఉండిపోతుంది. డొమైన్ వదిలేస్తే దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు ఏ పేరుకి వచ్చిన మెయిలైనా తనకే చేరేలా పెట్టుకుంటాడు. తర్వాత ఏదైనా సైట్‌కి వెళ్లి మీ పాత అడ్రస్ కొట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయాను అంటే చాలు.

నాకు తెలిసిన ఒక సంస్థకి ఇది జరిగింది. డొమైన్ రిజిస్ట్రేషన్ ఎప్పుడో వెబ్‌సైట్ చేసిన కుర్రాడి సొంత మెయిల్ మీద ఉంది, అతను ఊరు వదిలి వెళ్లిపోయాడు, రెన్యువల్ హెచ్చరికలు అతనికే వెళ్లాయి. గడువు దాటింది, ఎవరో కొనేశారు. సోషల్ మీడియా పేజీ మొదట పోయింది, తర్వాత కొరియర్ అకౌంట్ మీద తెలియని బుకింగులు. ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు తిరిగాం, సోషల్ మీడియా పేజీ తిరిగి రాలేదు. కామ్ అయినా ఇన్ అయినా డొమైన్‌ని పదేళ్ల దాకా ఒకేసారి కట్టి పెట్టుకోవచ్చు. కట్టేయండి. ఆటో రెన్యువల్ పెట్టండి, ట్రాన్స్‌ఫర్ లాక్ వేయండి. దాని ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు అలాగే ఉండనివ్వండి. రిజిస్ట్రార్ (డొమైన్ కొన్న చోటు) అకౌంట్‌లో ఉన్న ఈ-మెయిల్ మాత్రం ఆ డొమైన్‌దే అయ్యుండకూడదు. తాళం చెవి పెట్టెలోనే పెట్టి పెట్టెకి తాళం వేసినట్టవుతుంది.

మారిన తర్వాత ప్రతి మెయిల్‌బాక్స్‌లో ఒక ఫిల్టర్ పెట్టించండి: పాత అడ్రస్‌కి వచ్చినదేదైనా "పాత" అన్న లేబుల్‌తో కనిపించాలి. ప్రతి శుక్రవారం ఆ లేబుల్ తెరిచి, ఎవరు ఇంకా పాతదానికి రాస్తున్నారో చూసి, వాళ్లకి చెప్పి, చిట్టాలో చేర్చుకోండి. మొదటి నెల వందలు వస్తాయి. ఆరు నెలలకి పదుల్లోకి దిగుతాయి. ఒక చోట 14వ నెలలో ఒకే ఒక్క మెయిల్ వచ్చింది, కోల్డ్ స్టోర్ అగ్నిప్రమాద బీమా రెన్యువల్ నోటీసు, గడువు తొమ్మిది రోజులు.

రేపు పొద్దున ఆఫీసుకి వెళ్లగానే ఒక్క పని చేయండి. పాత డొమైన్ రిజిస్ట్రార్ లాగిన్ ఎవరి దగ్గర ఉంది, అది ఏ ఈ-మెయిల్ మీద ఉంది, గడువు ఏ తేదీ, ఈ మూడూ కనుక్కోండి. లాగిన్ దొరక్కపోతే తక్కినవన్నీ ఆపి దాని మీదే కూర్చోండి.